పాలు పొయ్యకూడని టీ



ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిలో ఒకటే ప్రశ్న. వరంగల్ నుంచి ఒకావిడ, "మా అబ్బాయి తైవాన్ నుంచి ఊలాంగ్ టీ అని డబ్బా తెచ్చాడు, పాలు పోసి మరిగిస్తే ఎవ్వరం తాగలేకపోయాం, దీన్ని ఏం చేసుకోవాలి?" అని రాశారు. ఏలూరు సోదరి ఒకరు, "ఇది రోజుకు మూడుసార్లు తాగితే నెలలో నడుము సన్నబడుతుందని ఫోనులో మెసేజీలు వస్తున్నాయి, నిజమేనా?" అని అడిగారు. మిగతా రెండూ ధర గురించే. ఇంత ఖరీదు పెట్టి కొనాలా అని.

మా మల్కాజ్‌గిరిలో కూడా ఇదే పరిస్థితి. ఇంటికొక పిల్లో పిల్లాడో పరాయి దేశంలో ఉన్నారు. పండక్కి వచ్చేటప్పుడు ఇదివరకు చాక్లెట్లు తెచ్చేవాళ్ళు, ఇప్పుడు షుగరుకు భయపడి టీ డబ్బాలు తెస్తున్నారు. మా ఆడపడుచు వాళ్ళింట్లో అలాగే ఒక డబ్బా వచ్చింది. ఆవిడ అలవాటు ప్రకారం అల్లం దంచి వేసి, చిక్కటి పాలు పోసి, మూడు పొంగులు రానిచ్చింది. తాగి, "వదినా, ఇదేం టీ, వాన నీళ్ళలో ఎండుగడ్డి నానబెట్టినట్టుంది" అంది. తప్పు టీది కాదు. గడ్డపెరుగును మజ్జిగ కవ్వంతో చిలికి, వెన్న రాలేదే, మజ్జిగ అయిందే అనుకుంటే ఎలా? దేని పద్ధతి దానిది.

మొదట ఒక సంగతి చెప్పుకోవాలి. గ్రీన్ టీ, ఊలాంగ్, మనం రోజూ వాడే నల్ల టీ పొడి, ఇవన్నీ వేరు వేరు చెట్లవి అనుకుంటాం. కాదు. అన్నీ ఒకటే తేయాకు మొక్క. శాస్త్రం వాళ్ళు దాన్ని కమేలియా సైనెన్సిస్ అంటారు. చైనా రకం అని చిన్న ఆకుది ఒకటి, అస్సాం రకం అని పెద్ద ఆకుది ఒకటి, అంతే తేడా. కోసిన తరువాత ఆకును ఏం చేశారు అన్నదాన్ని బట్టి పేరు మారుతుంది.

మన వంటింట్లోనే ఉంది దీని కిటుకు. వంకాయలు తరిగి ఉప్పు నీళ్ళలో వెయ్యకుండా పళ్ళెంలో వదిలేస్తే ఏమవుతుంది? అరగంటలో ముక్కలు నల్లబడతాయి. ఆపిల్ ముక్క, అరటికాయ ముక్క కూడా అంతే. గాలి తగిలి, ముక్కలోని రసం రంగు మారుతుంది. తేయాకు కూడా నలిగిందంటే ఇలాగే రంగు మారి, వాసన మారి, రుచి మారుతుంది. ఆకు కోసీ కొయ్యగానే ఆవిరి పట్టో, మూకుట్లో వేయించో ఆ మార్పును మొదట్లోనే ఆపేస్తే గ్రీన్ టీ. పూర్తిగా నల్లబడనిస్తే మన నల్ల టీ. సగంలో, అటూ ఇటూ కాకుండా, సరిగ్గా అనుకున్న చోట ఆపితే ఊలాంగ్. ఆ సగం కూడా ఒక్కటే సగం కాదు. పది శాతం దగ్గర ఆపేవాళ్ళున్నారు, డెబ్బై ఎనభై శాతం దాకా పోనిచ్చేవాళ్ళున్నారు. అందుకే ఊలాంగ్ అనే ఒక్క పేరు కింద మల్లెపువ్వు లాంటి వాసన వచ్చేదీ ఉంది, వేయించిన పప్పు లాంటి వాసన వచ్చేదీ ఉంది. కొన్ని పుస్తకాల్లో దీన్ని "పులియబెట్టిన టీ" అని రాస్తుంటారు. ఇడ్లీ పిండి పులిసినట్టు ఇందులో పులియడం ఏమీ లేదు, అది పాత అలవాటు మాట.

తయారీ మాత్రం చాకిరీయే. ఆకు కోసి కాసేపు ఎండలో వాడబెడతారు. తరువాత నీడకు తెచ్చి వెదురు చాటల్లో వేసి చెరుగుతారు, ఆరబెడతారు, మళ్ళీ చెరుగుతారు. ఇలా రాత్రంతా సాగుతుంది. చెరిగినప్పుడల్లా ఆకు అంచులు ఒకదానికొకటి రాసుకుని నలుగుతాయి, నడిమి భాగం మాత్రం పచ్చగానే ఉంటుంది. అంచు ఎర్రబడి, కావలసిన వాసన వచ్చిందనగానే వేడి మూకుట్లో వేసి ఆపేస్తారు. ఆ వాసన ఎప్పుడొచ్చిందో గడియారం చెప్పదు, ముక్కు చెప్పాలి. జంతికలు నూనెలోంచి ఎప్పుడు తియ్యాలో మనకెవరు చెప్పారు? ఇదీ అలాంటిదే. తరువాత ఆకును చుట్టి, ఎండబెట్టి, కొన్ని రకాలైతే నిప్పుల సెగ మీద మళ్ళీ కాలుస్తారు.

మన టీ పొడి సంగతి పూర్తిగా వేరు. 1930లో అస్సాంలో విలియం మెకర్చర్ అనే తెల్లదొర, ఆకును నలిపి, చింపి, చుట్టేసే యంత్రం ఒకటి కనిపెట్టాడు. దాన్నే సీ.టీ.సీ. అంటారు. అది వచ్చాక ఆకు సన్నటి గుళికలైపోయింది. డికాక్షను త్వరగా దిగుతుంది, రంగు చిక్కగా ఉంటుంది, పాలు పోసినా తగ్గదు, తక్కువ పొడితో ఎక్కువ కప్పులు. మన దేశంలో తయారయ్యే టీలో ఎక్కువ భాగం ఇదే. పాల టీకి ఇది పుట్టింది, ఊలాంగ్ పాలకు పుట్టలేదు. అంతే.

ఇప్పుడు రకాలు చెబుతాను. డబ్బా మీద పేర్లు చదవడానికే నోరు తిరగదు గానీ, తెలిస్తే సరదాగా ఉంటాయి. ఊలాంగ్ అంటేనే చైనా మాటలో "నల్ల డ్రాగన్" అని అర్థం.

అన్నిటికన్నా ఎక్కువగా మనవైపు వచ్చేది "టియె గ్వాన్ యిన్". చైనాలో ఫుజియన్ రాష్ట్రం, అన్‌షీ అనే ప్రాంతానిది. ఆకును చిన్న చిన్న ఉండలుగా చుడతారు, చూడ్డానికి ఎండిన మిరియాల కంటే కాస్త పెద్దగా, ముదురు ఆకుపచ్చగా ఉంటాయి. నీళ్ళు పొయ్యగానే ఒక్కొక్క ఉండా విచ్చుకుని నిండు ఆకవుతుంది. పిల్లలకు చూపించండి, భలే సంబరపడతారు. గ్వాన్ యిన్ అంటే వాళ్ళ కరుణా దేవత. ఒక పేద రైతు, పాడుబడ్డ గుడిలో ఆ దేవత ఇనుప విగ్రహం దగ్గర ఊడ్చి, అగరొత్తి వెలిగిస్తూ ఉంటే, దేవత కలలో కనబడి ఈ మొక్క ఉన్న చోటు చెప్పిందని కథ. అందుకే "ఇనుప కరుణా దేవత" అని టీకి పేరు. ఈ ఇనుము మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. రుచికి తేలిగ్గా, పూల వాసనతో, మింగిన తరువాత గొంతులో తీపి మిగిలేట్టు ఉంటుంది. ఇందులోనే బాగా కాల్చిన రకం కూడా ఉంది. అది గోధుమరంగులో ఉండి, వేయించిన గింజల వాసన వస్తుంది. పాల టీ అలవాటున్న నాలుకకు ఆ కాల్చినదే మొదట నచ్చుతుందని నా అభిప్రాయం.

అదే ఫుజియన్‌లో వూయి కొండలున్నాయి. రాళ్ళ సందుల్లో పెరిగే మొక్కలు కనుక "రాతి టీ" అంటారు. అందులో పేరుమోసింది "దా హోంగ్ పావ్", అంటే పెద్ద ఎర్ర అంగీ. కొండ చరియ మీద దీని తల్లి మొక్కలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, వాటిని చూడటానికి జనం వెళ్తారు. బజారులో దొరికేది వాటి ఆకు కాదు లెండి, ఆ జాతివో, కలిపినవో. డబ్బా మీద ఆ పేరు చూసి బంగారం దొరికిందనుకోకండి. ఆకు ఉండగా కాకుండా పొడుగ్గా, నల్లగా, మెలితిరిగి ఉంటుంది. రుచి చిక్కన, కాస్త పొగ, కాస్త మాడిన చక్కెర, వాన పడ్డాక తడి రాయి వాసన. ఇది నాకు ఇష్టం, మా వారికి కషాయంలా ఉందట.

గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఫీనిక్స్ కొండల మీద "దాన్‌చోంగ్" అని ఇంకో వంశం ఉంది. ఒక్కొక్క చెట్టుకూ ఒక్కొక్క పరిమళం అని చెప్పుకుంటారు. తేనె, ఆర్కిడ్ పువ్వు వాసన ఒకదానికి, అల్లం పువ్వు వాసన ఒకదానికి. ఇవి బయట నుంచి కలిపిన సెంటు కాదు, ఆకులో పుట్టినవే. వీటిల్లో ఒకదాని పేరు వింటే నవ్వుతారు, "బాతు రెట్ట పరిమళం". ఇంత మంచి మొక్కను పక్కవాళ్ళు కొమ్మలు విరుచుకుపోతారని, ఆ రైతు కావాలనే ఆ పేరు పెట్టాడని చెబుతారు. దిష్టి తగలకుండా మనవైపు పిల్లలకు పెంటయ్య, పుల్లయ్య అని పెట్టేవాళ్ళు చూడండి, ఆ బాపతే.

ఇక తైవాన్. చైనా నుంచి వలస వచ్చిన వాళ్ళు మొక్కలు తెచ్చి అక్కడ నాటారు. "బావ్‌జోంగ్" అన్నిటికంటే లేతది, గ్రీన్ టీకి చెల్లెలు లాంటిది. "దోంగ్ దింగ్" నడిమి రకం, వెచ్చటి రుచి. అలీషాన్ లాంటి ఎత్తు కొండల మీది టీలను "ఎత్తు కొండ ఊలాంగ్" అని అమ్ముతారు, పొగమంచులో ఆకు నిదానంగా పెరగడం వల్ల తియ్యగా, మెత్తగా ఉంటుందట. అవి ఖరీదు.

వరంగల్ సోదరి రాసిన డబ్బా మీద "మిల్క్ ఊలాంగ్" అని ఉందట. ఆవిడ అందుకే పాలు పోశారేమో పాపం. మిల్క్ అని పేరుంటే పాలు పొయ్యమని కాదు. "జిన్ షువాన్" అనే రకం మొక్క ఒకటి తైవాన్‌లో తయారుచేశారు. దాని ఆకుకే లేత వెన్న వాసన ఉంటుంది. కానీ ఇక్కడ మోసం కూడా ఉంది. మామూలు ఊలాంగ్‌కు పాల సెంటు పట్టించి అదే పేరుతో అమ్ముతారు. డబ్బా మూత తియ్యగానే పాలకోవా వాసన గుప్పున కొట్టిందంటే అనుమానించండి. అసలుది అంత గట్టిగా కొట్టదు, తాగిన తరువాత నిదానంగా తెలుస్తుంది.

తైవాన్‌దే ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. "ఓరియంటల్ బ్యూటీ" అంటారు, తూర్పు సుందరి. వేసవిలో పచ్చదోమ లాంటి చిన్న పురుగు లేత ఆకులను కొరికి రసం పీలుస్తుంది. మన వరి రైతు పచ్చదోమ పేరు చెబితే గుండె బాదుకుంటాడు. అక్కడ మాత్రం ఆ పురుగు కొరికితేనే ఆకుకు విలువ. కొరికిన ఆకు తనను తాను కాపాడుకోవడానికి కొన్ని పరిమళ ద్రవ్యాలు పుట్టించుకుంటుంది, దాంతో టీకి తేనె, పండిన పండు వాసన వస్తుంది. మందు కొడితే పురుగు రాదు కనుక, ఆ తోటల్లో ఆ కాలంలో పురుగుమందు కొట్టరు.

మన దేశంలో లేదా అంటే ఉంది. డార్జిలింగ్‌లో కొన్ని తోటలు ఊలాంగ్ చేస్తున్నాయి, నీలగిరుల్లోనూ చేస్తున్నారు. మొదటిసారి కొనేవాళ్ళకు నేనైతే అవే చెబుతాను. దిగుమతి ఖర్చు ఉండదు, కొద్దిగా కొని రుచి చూసుకోవచ్చు. ఊటీ, కూనూరు పోయినవాళ్ళు నీలగిరి తైలం, చాక్లెట్లతో పాటు ఒక యాభై గ్రాములు తెచ్చుకోండి.

కాచే పద్ధతికి ప్రత్యేకం సామాను ఏమీ అక్కర్లేదు. చైనా వాళ్ళు చిన్న చిన్న పింగాణీ గిన్నెలు వాడతారు. మనకు మూత ఉన్న స్టీలు గిన్నె, వడగట్టు చాలు. ఉండలుగా ఉన్న టీ అయితే ఒక చిన్న చెంచాడు, పొడుగు ఆకు అయితే రెండు చెంచాలు, అంటే సుమారు 3 గ్రాములు. నీళ్ళు ఒక కప్పున్నర లోపు, 200 మిల్లీలీటర్లు అనుకోండి. నీళ్ళు తెర్లనిచ్చి స్టౌ ఆపండి. లేత పచ్చ రకమైతే ఒకటి రెండు నిముషాలు ఆగి పొయ్యండి, కాల్చిన నల్ల రకమైతే వెంటనే పొయ్యచ్చు. మూత పెట్టి రెండు మూడు నిముషాలు. వడకట్టి తాగడమే. స్టౌ మీద పెట్టి ఆకును మరిగించారంటే మాత్రం చేదు దిగి మా ఆడపడుచు చెప్పిన గడ్డి నీళ్ళవుతాయి.

ఆకు పారెయ్యకండి! అదే ఆకులో మళ్ళీ వేడినీళ్ళు పొయ్యండి. ఈసారి ఒక నిముషం ఎక్కువ ఉంచండి. మంచి ఊలాంగ్ అయితే నాలుగుసార్లకు తగ్గకుండా దిగుతుంది, రెండోది మొదటిదానికన్నా బాగుంటుంది కూడా. ధర గురించి అడిగిన సోదరీమణులకు జవాబు ఇందులోనే ఉంది. 100 గ్రాముల డబ్బాలో 3 గ్రాముల చొప్పున 33 సార్లు, నాలుగేసి వాయిలు వేసుకుంటే 130 కప్పులు. డబ్బా ధరను 130తో భాగించి చూడండి. పాలు, చక్కెర ఖర్చు కూడా లేదు. అయినా అది మన రోజువారీ టీ కంటే ప్రియమే అనుకోండి, కానీ డబ్బా చూసి గుండె పట్టుకున్నంత కాదు. ఎండాకాలంలో అయితే లీటరు చల్లటి నీళ్ళ సీసాలో రెండు చెంచాలు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే, పొద్దుటికి చేదు లేని చల్లటి టీ తయారు.

దాచుకునేటప్పుడు జాగ్రత్త. తేయాకు పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది. ఇంగువ డబ్బా, గరం మసాలా ఉన్న అరలో పెట్టారంటే నెల తిరిగేసరికి సాంబారు టీ తాగాల్సి వస్తుంది. గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని చోట ఉంచండి.

ఇక ఏలూరు సోదరి ప్రశ్న. ఏ టీ అయినా కొవ్వు కరిగిస్తుందన్న మాట నమ్మకండి. ఊలాంగ్ తాగితే ఒంట్లో శక్తి ఖర్చు కొన్ని గంటలపాటు కొద్దిగా పెరిగిందని చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి. ఆ కొద్దిదానితో నడుము సన్నబడదు. అసలు లాభం ఎక్కడంటే, రోజుకు నాలుగు కప్పుల పాల టీలో రెండేసి చెంచాల చక్కెర వేసుకునేవాళ్ళు ఇటు మారితే, 40 గ్రాముల చక్కెర తప్పుతుంది. అది 160 కేలరీలు. ఆ ఘనత ఊలాంగ్‌ది కాదు, చక్కెర మానడానిది. చక్కెర లేని మజ్జిగ తాగినా వస్తుంది.

ఈ సన్నబడే పిచ్చి గురించే ఒకటి చెప్పాలి. మా ఎదురింటి అమ్మాయి ఉస్మానియా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. బంగారం లాంటి పిల్ల. ఎవరో స్నేహితురాలు చెప్పిందని పొద్దున టిఫిన్ మానేసి ఊలాంగ్, మధ్యాహ్నం రెండు చపాతీలు తింటూ ఊలాంగ్, రాత్రి తిండి కాగానే మళ్ళీ అదే. మూడు నెలలకు మొహం పాలిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడడం. ఒకరోజు లాబ్‌లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందని ఫోను వస్తే వాళ్ళమ్మ, నేను ఆటోలో పరుగెత్తాం. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.2. ఆడవాళ్ళకు 12 ఉండాలి. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసిచ్చింది. వారం తరువాత వాళ్ళింటికి వెళ్తే, పిల్ల ఆ మాత్రను ఊలాంగ్‌తోనే మింగుతోంది! "నీళ్ళయినా టీ అయినా ఒకటేగా ఆంటీ, ఇందులో పాలు కూడా లేవు" అంది. "ఒకటి కాదమ్మా, డాక్టరమ్మను అడుగు" అన్నాను. అడిగితే ఆవిడ బాగా కేకలేసింది.

తేయాకులో టానిన్లు అని వగరు పదార్థాలుంటాయి. టీ తాగాక నాలుక గరగరలాడేది వాటివల్లే. అవి మనం తిన్న ఆకుకూర, పప్పు, గింజల్లోని ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. భోజనంతో పాటు టీ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గిందని పరిశోధనల్లో కనబడింది. పాల టీ, నల్ల టీ, గ్రీన్ టీ, ఊలాంగ్ అన్నిటికీ ఇది వర్తిస్తుంది. పేరులో ఇనుము ఉన్న ఆ దేవత టీకి కూడా! మాంసంలోని ఇనుము మీద ఈ ప్రభావం తక్కువ, కనుక శాకాహారం తినే ఆడవాళ్ళకే నష్టం ఎక్కువ.

ఈ మాట చెప్పింది ఎవరో కాదు, మా తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. అందరూ ఎన్.ఐ.ఎన్. అంటారు. తార్నాక నుంచి యూనివర్సిటీకి పోయే దారిలో ఉంటుంది, మా ఎదురింటి అమ్మాయి బస్సు రోజూ ఆ గేటు ముందు నుంచే పోతుంది. తమాషా ఏమిటంటే ఆ సంస్థ పుట్టింది కూడా టీ తోటల మధ్యనే. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒక్క గదిలో మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ కూడా 1918లోనే మొదలైంది, రెండూ ఒక ఈడువి.

ఈ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2024 మే నెలలో భారతీయులకు ఆహార సూచనలు కొత్తగా విడుదల చేశాయి. భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ తాగవద్దని అందులో రాశారు. కెఫీన్ లెక్క కూడా ఇచ్చారు. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక కప్పు టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, ఫిల్టరు కాఫీ లాంటిదైతే 80 నుంచి 120. కడుపుతో ఉన్న అమ్మాయిలు ఇంకా తక్కువలో ఉండాలి, ఎంత తాగవచ్చో డాక్టరునే అడగండి.

ఇది చిన్న సంగతి కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో తెలంగాణలో నూటికి 57 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. వీధిలో నలుగురం కబుర్లకు కూర్చుంటే ఇద్దరికైనా ఉన్నట్టే. అన్నిటికీ టీయే కారణం అనడం లేదు. నెలసరి ఎక్కువ కావడం, నులిపురుగులు, బి12 తక్కువ కావడం, అసలు సరిగా తినకపోవడం, అన్నీ ఉంటాయి. కానీ మన పద్ధతి చూడండి. అందరికీ వడ్డించి, మిగిలింది తిని, ఎంగిలి కంచం తియ్యకముందే "కాస్త టీ పడితే గానీ నడుం లేవదు" అని స్టౌ వెలిగిస్తాం. ఆడదానికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని ఎన్.ఐ.ఎన్. లెక్క, మగవాళ్ళకు 19 చాలు. ఎక్కువ కావలసిన మనమే, ఉన్నదాన్ని టీలో కలిపి పారబోసుకుంటున్నాం.

టీ మానెయ్యమంటే మీరు నన్ను తిడతారు, నేనూ మానను. వేళ మారిస్తే చాలు. మా ఇంట్లో పొద్దున లేవగానే ఒకటి, టిఫిన్ గంటన్నర తరువాత. మధ్యాహ్నం భోజనం ఒంటిగంటకైతే టీ మూడున్నరకు. అప్పుడు ఊలాంగైనా సరే, ఇరానీ చాయ్ అయినా సరే. భోజనం కాగానే నోరు ఏదో అడుగుతుంది కదా, దానికి జామకాయ ముక్కలో, ఉసిరికాయో, నిమ్మరసం పిండిన నీళ్ళో తీసుకోండి. వాటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. సజ్జ రొట్టె, శెనగల గుగ్గిళ్ళు, ఆకుకూర పప్పు చేసిన రోజు నిమ్మచెక్క పక్కన పెట్టడం మరిచిపోకండి. ఐరన్ మాత్ర ఉత్త నీళ్ళతోనో, నిమ్మ నీళ్ళతోనో వేసుకోండి, టీకీ దానికీ మధ్య గంటైనా ఉండాలి.

మా ఎదురింటి అమ్మాయి ఊలాంగ్ మానలేదు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక ఒక్కసారి తాగుతోంది, పొద్దున ఉప్మా, దోసె తింటోంది. మూడు నెలల తరువాత చేయించిన పరీక్షలో 11.1 వచ్చింది. డాక్టరమ్మ మాత్రలు ఇంకొన్నాళ్ళు వాడమంది.

ఇరానీ చాయ్ అన్నాను కనుక అది ఇంట్లో ఎలా అని అడుగుతారు, తెలుసు. సాయంత్రం చుట్టాలొస్తే చేసుకోండి. రెండు గ్లాసుల నీళ్ళలో నాలుగు చెంచాల టీ పొడి, మూడు చెంచాల చక్కెర వేసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, సన్న సెగ మీద ఇరవై నిముషాలు దమ్ పెట్టండి. వేరే గిన్నెలో అర లీటరు చిక్కటి పాలు సగం అయ్యేదాకా మరగకాచి, ఒక చెంచా కోవా కలపండి. కప్పులో ముందు పాలు, పైన డికాక్షను. ఉస్మానియా బిస్కెట్టు ఉంటే ఇంకేం కావాలి. కానీ అంతసేపు దమ్ మీదున్న డికాక్షనులో వగరు బాగా దిగుతుంది, కాబట్టి దీన్ని బిర్యానీ తిన్న వెంటనే ఇవ్వకండి.

చివరిగా, కొన్న టీ మంచిదో కాదో చూసుకోవడం. టీ పొడి అయితే తడిపిన తెల్ల ఫిల్టరు కాగితం మీద చిటికెడు చల్లండి. రంగు కలిపిన పొడి అయితే కాగితం మీద వెంటనే మరకలు దిగుతాయి. ఊలాంగ్ అయితే తాగిన తరువాత ఆకును పళ్ళెంలో విప్పి చూడండి. ఆకు నిండుగా ఉండాలి, చాలా రకాల్లో నడుమ పచ్చగా, అంచు ఎర్రగా కనబడుతుంది. ముక్కలు, పుల్లలు, పొడి ఎక్కువగా ఉంటే మరోసారి ఆ కొట్లో కొనకండి. చూశాక ఆ ఆకును గులాబీ కుండీలో వెయ్యండి.

వచ్చేసారి చాలామంది అడిగిన వడియాల సంగతి రాస్తాను. సగ్గుబియ్యం వడియాలు విరిగిపోతున్నాయన్న కరీంనగర్ సోదరి, నీళ్ళ కొలత కూడా రాసి పంపాలి.